యాంటీబయాటిక్స్: దేశం మొత్తం ఎన్ని వాడుతోంది? ఈ లెక్క ఎలా తీస్తారు? యాలాల్ లాంటి మండలాల్లో అది ఎక్కడ తప్పిపోతోంది?

2019లో మన దేశంలో ప్రైవేట్ మార్కెట్లో అమ్ముడైన యాంటీబయాటిక్స్ 507 కోట్ల డోసులు. వాటిలో అన్నింటికంటే ఎక్కువగా వాడింది అజిత్రోమైసిన్ 500 గోలీ. దగ్గు, జలుబు, గొంతు నొప్పి అనగానే చాలామంది మెడికల్ షాపులో పేరు పెట్టి మరీ అడిగి తీసుకునే గోలీ ఇది.

ఆ గోలీలు ఎన్ని అమ్ముడయ్యాయో లెక్క ఉంది. కానీ ఎవరు మింగారు? ఏ జబ్బుకి మింగారు? ఎవరు రాసిచ్చారు? వీటికి మాత్రం సరైన లెక్క లేదు. యాంటీబయాటిక్స్ పనిచేయకుండా పోతున్న ఈ టైంలో ఇదే పెద్ద సమస్య అయింది. అసలు దేశం మొత్తం వాడకాన్ని ఎలా కొలుస్తారు, ఆ అంకెలు ఏం చెప్తున్నాయి, వికారాబాద్ జిల్లా యాలాల్ లాంటి మండలాలకి వచ్చేసరికి లెక్క ఎక్కడ తెగిపోతోంది.. పూర్తి వివరాలు ఇవీ.

ముందుగా.. ఈ రెసిస్టెన్స్ అంటే ఏంటి?

యాంటీబయాటిక్స్ బ్యాక్టీరియాని చంపుతాయి, లేదంటే పెరగకుండా ఆపుతాయి. వైరస్ మీద మాత్రం పనిచేయవు. మామూలు జలుబు, ఫ్లూ, డెంగీ ఇవన్నీ వైరస్ వల్ల వచ్చేవే. వీటికి యాంటీబయాటిక్ వాడితే జబ్బు తగ్గదు. పైగా ఒంట్లో ఉన్న మిగతా బ్యాక్టీరియాకి ఆ మందుతో పరిచయం అవుతుంది. బలహీనమైనవి చస్తాయి, తట్టుకున్నవి మిగులుతాయి. మిగిలినవే పెరుగుతాయి, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. అలా ఒకప్పుడు రెండు రోజుల్లో తగ్గించిన మందు ఇప్పుడు పనిచేయదు. దీన్నే యాంటీమైక్రోబియల్ రెసిస్టెన్స్, షార్ట్‌గా ఏఎంఆర్ అంటారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మందుకి లొంగనిది బ్యాక్టీరియా. మనిషి కాదు. అందుకే "నేను ఎప్పుడూ యాంటీబయాటిక్ వాడలేదు, నాకేం కాదు" అనుకోవడానికి లేదు. పక్కింట్లో వాడిన గోలీ ప్రభావం మన ఇంటి దాకా రావచ్చు.

అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం 2019లో మందులకి లొంగని ఇన్ఫెక్షన్ల వల్లే ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారు. మన దేశంలో ఆ సంఖ్య సుమారు 2.97 లక్షలు. ఇలాంటి ఇన్ఫెక్షన్ ఉండి, ఇతర కారణాలు కూడా కలిసి చనిపోయినవాళ్లని లెక్కేస్తే మన దేశంలోనే 10 లక్షలు దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 అక్టోబర్‌లో ఇచ్చిన రిపోర్ట్ ఇంకో మాట చెప్పింది. 2023లో ల్యాబ్‌లో తేలిన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లలో ప్రపంచవ్యాప్తంగా ఆరింటిలో ఒకటి మందుకి లొంగనిదే. మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతంలో అయితే మూడింటిలో ఒకటి.

గోలీలు లెక్కపెడితే సరిపోదా?

సరిపోదు. ఎందుకంటే ఒక్కో మందు డోసు ఒక్కోలా ఉంటుంది. అజిత్రోమైసిన్ 500 మూడు గోలీలతో కోర్సు అయిపోవచ్చు. అమాక్సిసిలిన్ 500 అయితే రోజుకి మూడు చొప్పున ఐదు రోజులకి 15 క్యాప్సూల్స్ అవుతాయి. గోలీలు లెక్కపెడితే రెండో మనిషి ఐదు రెట్లు ఎక్కువ వాడినట్టు కనిపిస్తుంది. అది తప్పు లెక్క.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ డీడీడీ అనే కొలత వాడుతుంది. అంటే డిఫైన్డ్ డైలీ డోస్. ఒక పెద్ద మనిషికి ఒక రోజుకి సగటున ఎంత మందు అవసరమో ముందే నిర్ణయించి పెట్టిన అంకె ఇది. అజిత్రోమైసిన్ గోలీలకి అది 0.3 గ్రాములు. అమాక్సిసిలిన్‌కి 1.5 గ్రాములు. ఇప్పుడు పై లెక్క మళ్లీ వేయండి. మూడు అజిత్రోమైసిన్ 500 గోలీలు అంటే 1.5 గ్రాములు, అంటే 5 డీడీడీలు. 15 అమాక్సిసిలిన్ క్యాప్సూల్స్ అంటే 7.5 గ్రాములు, అవీ 5 డీడీడీలే. రెండూ సమానం.

ఆ తర్వాత మొత్తం డీడీడీలని జనాభాతో, రోజులతో భాగిస్తారు. "వెయ్యి మందికి రోజుకి ఇన్ని" అనే అంకె వస్తుంది. పెద్ద దేశమైనా, చిన్న దేశమైనా, ఒక మండలమైనా ఇదే కొలతతో పోల్చవచ్చు.

మన అంకె తక్కువే.. మరి భయం ఎందుకు?

2019 అమ్మకాలతో చేసిన అధ్యయనం 2022లో బయటికి వచ్చింది. హోల్‌సేల్ స్టాకిస్టుల దగ్గర నుంచి సేకరించిన అమ్మకాల డేటాతో ఈ లెక్క తీశారు. దాని ప్రకారం మన దేశంలో వెయ్యి మందికి రోజుకి 10.4 డీడీడీలు. వెయ్యి మంది ఉన్న ఊళ్లో ఏ రోజు చూసినా దాదాపు పది మంది ఫుల్ డోసు యాంటీబయాటిక్ మీద ఉన్నట్టు అనుకోవచ్చు. అదే ఏడాది యూరప్ దేశాల సగటు సుమారు 20. అంటే మనకి రెట్టింపు.

మరి మన దగ్గర సమస్య లేదా? ఉంది. ఎన్ని వాడాం అన్నది సగం ప్రశ్నే. ఏవి వాడాం అన్నది మిగతా సగం. అసలు ప్రమాదం అక్కడే కనిపిస్తుంది.

యాంటీబయాటిక్స్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు గ్రూపులుగా పెట్టింది.

* యాక్సెస్: మామూలు ఇన్ఫెక్షన్లకి ముందుగా వాడాల్సినవి. రెసిస్టెన్స్ ముప్పు తక్కువ. అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్ లాంటివి.

* వాచ్: కొన్ని జబ్బులకే, జాగ్రత్తగా వాడాల్సినవి. రెసిస్టెన్స్ ముప్పు ఎక్కువ. అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, సిప్రోఫ్లాక్సాసిన్, సెఫ్ట్రియాక్సోన్ ఇందులోవే.

* రిజర్వ్: ఏదీ పనిచేయనప్పుడు చివరి ఆయుధంగా దాచుకోవాల్సినవి. కొలిస్టిన్, లైనజోలిడ్ లాంటివి.

దేశం మొత్తం వాడకంలో యాక్సెస్ గ్రూపు వాటా కనీసం 60 శాతం ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన టార్గెట్. 2024 సెప్టెంబర్‌లో ఐక్యరాజ్యసమితిలో దేశాలన్నీ కలిసి ప్రపంచ స్థాయిలో దాన్ని 2030 నాటికి 70 శాతానికి పెంచాలని ఒప్పుకున్నాయి. మరి 2019లో మన ప్రైవేట్ మార్కెట్లో యాక్సెస్ గ్రూపు ఎంత? 27 శాతం. వాచ్ గ్రూపు ఏకంగా దాదాపు 55 శాతం. అంటే మొదట వాడాల్సినవి వెనక్కి, ఆచితూచి వాడాల్సినవి ముందుకి వచ్చాయి. మొత్తం అంకె ఒక్కటే చూస్తే "మనం తక్కువే వాడుతున్నాం" అనుకుని ఊరుకునేవాళ్లం. గ్రూపులవారీగా లెక్క తీయబట్టే ఈ విషయం తెలిసింది.

పెద్దాసుపత్రుల్లో ఏం తేలింది?

కేంద్రం ఆధ్వర్యంలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం, అంటే ఎన్‌సీడీసీ, ఆసుపత్రుల్లో యాంటీబయాటిక్ వాడకాన్ని చూడటానికి నాక్-నెట్ అనే నెట్‌వర్క్ నడుపుతోంది. ఇందులోని 20 పెద్దాసుపత్రుల్లో 2021 నవంబర్ నుంచి 2022 ఏప్రిల్ వరకు సర్వే చేశారు. అడ్మిట్ అయిన 9,652 మందిని చూస్తే 71.9 శాతం మంది యాంటీబయాటిక్ మీద ఉన్నారు.

ఇంకా లోతుకి వెళ్తే.. రాసిన వాటిలో 55 శాతం ఇన్ఫెక్షన్ రాకుండా ముందు జాగ్రత్తగా ఇచ్చినవే. వైద్యం కోసం ఇచ్చిన మిగతా 45 శాతంలో ఏ బ్యాక్టీరియానో ల్యాబ్‌లో తేలాక ఇచ్చినవి 6 శాతం మాత్రమే. మిగతా 94 శాతం డాక్టర్ అనుభవం, అంచనా మీద రాసినవి. ప్రాణం మీదికి వచ్చిన పేషెంట్‌కి రిపోర్ట్ వచ్చేదాకా ఆగలేరు కాబట్టి అంచనాతో మొదలుపెట్టడం తప్పు కాదు. కానీ రిపోర్ట్ వచ్చాక మందు మార్చాలి, అవసరం లేకపోతే ఆపాలి. 6 శాతం అంకె చెప్పేది ఏంటంటే, ఆ రెండో అడుగు చాలా తక్కువగా పడుతోంది.

ల్యాబ్, స్పెషలిస్టులు అన్నీ ఉన్న ఆసుపత్రుల పరిస్థితి ఇది. మరి ఊళ్లలో?

యాలాల్ నుంచి లెక్క వేస్తే..

యాలాల్ వికారాబాద్ జిల్లాలో, తాండూరు పక్కనే ఉన్న మండలం. నాపరాళ్లు, కందులకి పేరున్న ప్రాంతం ఇది. జిల్లా ఆసుపత్రి తాండూరులో ఉంది. వికారాబాద్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023లో మొదలైంది. రాష్ట్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన జిల్లా డయాగ్నస్టిక్ కేంద్రాల్లో వికారాబాద్ కూడా ఉంది. అంటే వైద్యం, టెస్టులు మరీ అందనంత దూరంలో లేవు.

ఇక్కడ ఒక మనిషికి జ్వరం వచ్చిందనుకుందాం. యాంటీబయాటిక్ చేతికి రావడానికి నాలుగు దారులున్నాయి. ఒక్కో దారిలో లెక్క ఒక్కోలా ఉంటుంది.

1. సర్కారు దవాఖానా: ఓపీ చీటీ ఉంటుంది, మందు ఇచ్చినట్టు స్టాక్‌లో నమోదవుతుంది. కానీ పైన చెప్పిన 10.4 అంకె ప్రైవేట్ అమ్మకాలది. సర్కారు ఫ్రీగా ఇచ్చే మందు అందులో లేదు.

2. ప్రైవేట్ క్లినిక్: డాక్టర్ చీటీ ఉంటుంది. మెడికల్ షాపులో బిల్లు ఉంటుంది. మందు అమ్మకాల లెక్కలోకి వస్తుంది. ఏ జబ్బుకి రాశారన్నది చీటీతోనే ఇంటికి వెళ్లిపోతుంది.

3. చీటీ లేకుండా మెడికల్ షాపు: "జ్వరం, ఒళ్లు నొప్పులు" అని చెప్తే మందు చేతికి వస్తుంది. హోల్‌సేల్ నుంచి వచ్చిన డబ్బా లెక్కలో ఉంటుంది. మనిషి, జబ్బు, డాక్టర్.. ముగ్గురూ లెక్కలో ఉండరు.

4. ఊళ్లో ఆర్‌ఎంపీ: పక్కనే ఉంటారు, రాత్రయినా వస్తారు, అప్పుకైనా చూస్తారు. అందుకే జనం వెళ్తారు. కానీ కాగితంలో చుట్టి ఇచ్చిన రంగు రంగుల గోలీల్లో యాంటీబయాటిక్ ఉందో లేదో పేషెంట్‌కే తెలియదు. వేసిన సూది ఏంటో తెలియదు. రెండు రోజులకి తగ్గకపోతే తాండూరు వెళ్తారు. అక్కడ డాక్టర్ "ఇంతకుముందు ఏం వాడారు?" అని అడిగితే జవాబు ఉండదు. సరిగ్గా ఇక్కడ దేశం లెక్క ఒక్కటే కాదు, ఆ మనిషి వైద్యం కూడా దెబ్బతింటుంది. పనిచేయని మందునే మళ్లీ రాసే ప్రమాదం ఉంటుంది.

ఇది యాలాల్ ఒక్కదాని కథ కాదు. దేశంలో ఏ పల్లె అయినా ఇంతే. డబ్బా ఎక్కడ అమ్ముడైందో తెలుస్తుంది, ఏ ఊళ్లో ఎవరి కోసం తెరిచారో తెలియదు.

అర్హత లేకుండా వైద్యం చేయడం నేరం. నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా పడొచ్చు. తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ అధికారులు గత కొన్నేళ్లుగా ఇలాంటి క్లినిక్‌ల మీద దాడులు చేసి మందులు సీజ్ చేస్తున్నారు. వాటిలో వాచ్ గ్రూపు యాంటీబయాటిక్స్ కూడా దొరుకుతున్నాయి.

రిజిస్టర్ ఉంది.. కానీ టాప్ గోలీ అందులో లేదు

చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మకూడదన్న రూల్ ఎప్పటినుంచో ఉంది. దాన్ని గట్టిగా అమలు చేయడానికి కేంద్రం షెడ్యూల్ హెచ్1 తెచ్చింది. 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మొదట 46 మందులు పెట్టారు, అందులో ఎక్కువ భాగం యాంటీబయాటిక్స్, టీబీ మందులు. వీటిని అమ్మినప్పుడు డాక్టర్ పేరు, అడ్రస్, పేషెంట్ పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చారు అన్నవి విడిగా ఒక రిజిస్టర్‌లో రాయాలి. ఆ రిజిస్టర్ మూడేళ్లు దాచాలి. అధికారులు ఎప్పుడు అడిగినా చూపించాలి.

సరిగ్గా రాస్తే, ఊరి స్థాయిలో ఏ మందు ఎంత వాడుతున్నారో చెప్పగలిగే కాగితం ఇదే. అయితే రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఆ రిజిస్టర్ ఉండేది షాపులో. అక్కడి అంకెలు దేశం లెక్కలోకి వాటంతట అవి వెళ్లవు. రెండోది ఇంకా పెద్దది. 2014 జాబితాలో సెఫిక్సిమ్ ఉంది, సెఫ్ట్రియాక్సోన్ ఉంది. అజిత్రోమైసిన్ లేదు. దేశంలో నంబర్ వన్ గోలీకే ఆ రిజిస్టర్ వర్తించలేదన్నమాట. దానికి కూడా డాక్టర్ చీటీ తప్పనిసరే, కానీ ఆ ప్రత్యేక రిజిస్టర్ అవసరం లేకుండా పోయింది.

2024 జనవరిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ మెడికల్ కాలేజీల డాక్టర్లకి ఒక లేఖ రాశారు. యాంటీబయాటిక్ రాసేటప్పుడు ఎందుకు రాస్తున్నారో కారణం కూడా చీటీ మీద తప్పకుండా రాయాలని కోరారు. చీటీ లేకుండా అమ్మొద్దని ఫార్మసిస్టులకి కూడా చెప్పారు. కారణం ఒక్క మాటలో రాసినా చాలు, రేపు లెక్క తీసేవాళ్లకి అదే ఆధారం.

టీబీకి సాధ్యమైంది కదా?

పేరుపేరునా లెక్క పెట్టడం మన దేశంలో కుదరదు అనేవాళ్లకి జవాబు ఇదే వికారాబాద్‌లో ఉంది. మూసీ నది పుట్టిన అనంతగిరి కొండల మీద నిజాం కాలం నుంచి టీబీ ఆసుపత్రి ఉంది. మందులు మధ్యలో ఆపేస్తే టీబీ బ్యాక్టీరియా మొండికేస్తుందని, అప్పుడు వైద్యం ఇంకా కష్టం అవుతుందని ఈ ప్రాంతంలో చాలా కుటుంబాలకి ఎవరూ చెప్పక్కర్లేదు.

టీబీ కేసు తేలితే ప్రభుత్వానికి తెలపడం 2012 నుంచి తప్పనిసరి. అదే ఏడాది నిక్షయ్ అనే ఆన్‌లైన్ సిస్టమ్ మొదలైంది. 2018లో టీబీ మందులు అమ్మే కెమిస్టులకి కూడా ఈ బాధ్యత పెట్టారు. ప్రైవేట్ డాక్టర్, సర్కారు డాక్టర్ అన్న తేడా లేకుండా పేషెంట్ ఎవరు, ఏ మందు మొదలుపెట్టారు, కోర్సు పూర్తయిందా అన్నది ఒకేచోట కనిపిస్తుంది. లోపాలు లేవని కాదు. కానీ లెక్క పెట్టాలనుకుంటే పెట్టొచ్చని అది నిరూపించింది.

లెక్కపెట్టినచోట ఏం జరిగింది?

స్వీడన్‌లో 1995లో స్ట్రామా అనే కార్యక్రమం మొదలైంది. ఏ ప్రాంతంలో డాక్టర్లు ఎంత రాస్తున్నారో అంకెలు తీసి వాళ్లకే చూపించారు. 1992తో పోలిస్తే 2014 నాటికి బయటి పేషెంట్లకి రాసే యాంటీబయాటిక్స్ 40 శాతం పైగా తగ్గాయి.

మన పక్కన కేరళ 2018లోనే రాష్ట్ర యాక్షన్ ప్లాన్ తెచ్చింది. దేశంలో ఇలా చేసిన మొదటి రాష్ట్రం అదే. 2024 జనవరిలో ఆపరేషన్ అమృత్ పేరుతో చీటీ లేకుండా అమ్మే షాపుల మీద తనిఖీలు మొదలుపెట్టింది. యాంటీబయాటిక్స్‌ని నీలం కవర్లలో పెట్టి ఇచ్చే పద్ధతి కూడా తెచ్చింది. కవర్ చూడగానే చదువు రానివాళ్లకి కూడా ఇది మామూలు గోలీ కాదని తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ కూడా సొంత యాక్షన్ ప్లాన్ తయారు చేసుకుంది.

దేశం మొత్తానికి మొదటి జాతీయ యాక్షన్ ప్లాన్ 2017లో వచ్చింది. 2025 నుంచి 2029 వరకు రెండో ప్లాన్‌ని 2025 నవంబర్ 18న కేంద్ర ఆరోగ్య మంత్రి జేపీ నడ్డా విడుదల చేశారు.

మనుషులు వాడేవే కాదు..

కోళ్లు, పశువులు, రొయ్యలకి వాడే యాంటీబయాటిక్స్ కూడా ఈ సమస్యలో భాగమే. చివరి ఆయుధం అనుకున్న కొలిస్టిన్‌ని పశువులు, కోళ్లు, చేపలకి వాడకుండా కేంద్రం 2019 జూలైలో నిషేధించింది. ఫ్యాక్టరీల నుంచి బయటికి వచ్చేది ఇంకోటి. 2007లో స్వీడన్ సైంటిస్టులు పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలు శుద్ధి చేసే ప్లాంట్ నుంచి బయటికి వచ్చే నీళ్లని పరీక్షించారు. లీటర్‌కి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు తేలింది. మెడికల్ షాపు లెక్కలో ఇవేవీ కనిపించవు. అందుకే మనిషి, జంతువు, పర్యావరణం మూడింటి లెక్కా కలిపి చూడాలంటారు.

మీరు చేయాల్సింది ఏంటి?

* స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే డాక్టర్ చీటీ లేకుండా కొనొద్దు. యాంటీబయాటిక్స్ మీద ఈ గీత ఉంటుంది.

* డాక్టర్ దగ్గర ఒక్క ప్రశ్న అడగండి: "ఇందులో యాంటీబయాటిక్ ఉందా సార్? ఎందుకు?" అడగడం తప్పు కాదు.

* డాక్టర్ చెప్పినన్ని రోజులు వాడండి. తగ్గింది కదా అని మీ అంతట మీరు ఆపొద్దు. మిగిలిన గోలీలు ఇంకోసారికి దాచొద్దు, ఇంట్లో ఇంకొకరికి ఇవ్వొద్దు.

* స్ట్రిప్ లేకుండా విడిగా కాగితంలో చుట్టి ఇస్తే మందు పేరు రాయించుకోండి. లేదా స్ట్రిప్‌ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తర్వాత చూసే డాక్టర్‌కి అది చాలా పనికొస్తుంది.

* పిల్లలకి జలుబు, దగ్గు అనగానే పోయినసారి సిరప్ మళ్లీ పట్టొద్దు.

* చీటీ లేకుండా అమ్ముతున్నారని, అర్హత లేనివాళ్లు మందులు ఇస్తున్నారని అనుమానం వస్తే తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ టోల్ ఫ్రీ నంబర్ 1800-599-6969కి చెప్పొచ్చు.

* మందు కొన్న ప్రతిసారీ బిల్లు తీసుకోండి. అందులో మందు పేరు, బ్యాచ్ నంబర్ ఉంటాయి. వికారాబాద్ అయినా, తాండూరు అయినా, యాలాల్ అయినా.. ఇవాళ మీరు ఏ మందు వాడారో చెప్పడానికి మీ చేతిలో ఉండే రుజువు అదొక్కటే.